రికార్డుకెక్కని పతకాలు

ఎనభై ఏళ్లకు దగ్గరపడిన ఒక మాజీ సైనికుడు ఒకరోజు ఇంట్లో, "నా డిశ్చార్జి బుక్కులో నాలుగు మెడల్స్ ఎక్కలేదు, ఎక్కించుకోవాలి" అన్నాడనుకోండి. ఇంట్లోవాళ్ల నోట మొదట వచ్చే మాట మనకు తెలిసిందే. "ఇప్పుడెందుకు నాన్నా ఇదంతా? దానివల్ల పింఛనేమైనా పెరుగుతుందా?" పెరగదు. యుద్ధంలో పాల్గొన్నందుకు అందరికీ ఇచ్చే పతకాల వల్ల చేతికి డబ్బేమీ రాదు. అయినా ఆయన అడిగేది న్యాయమే. అడిగేదేదో త్వరగా అడగాలి కూడా. ఎందుకో ఈ పూట చెప్పుకుందాం.

సైన్యంలో ఇచ్చే పతకాల్లో ముందు రెండు రకాలను విడదీసి చూడాలి. పరమ వీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, సేనా మెడల్ వంటివి ఒక మనిషి చూపిన సాహసానికి ఇచ్చేవి. మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలర్పించారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఇలాంటివి పేరుతో సహా భారత గెజిట్‌లో అచ్చవుతాయి. సర్వీసు కాగితంలో ఎవరో గుమాస్తా రాయడం మరిచిపోయినా, గెజిట్ పేజీ తీసి చూపిస్తే సరిపోతుంది.

రెండో రకం వేరు. ఫలానా తేదీల మధ్య, ఫలానా చోట విధుల్లో ఉన్న ప్రతి సైనికుడికీ దక్కేవి అవి. 1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్, వాటితోపాటు సంగ్రామ్ మెడల్. స్వాతంత్ర్యానికి పాతికేళ్లు నిండిన 1972 ఆగస్టు 15న, యాభై ఏళ్లు నిండిన 1997 ఆగస్టు 15న, డెబ్బై అయిదేళ్లు నిండిన 2022 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు ఒక్కొక్క పతకం. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు మచ్చ లేకుండా పనిచేసినవాళ్లకు దీర్ఘకాల సేవా పతకాలు. సియాచిన్‌లో ఉన్నవాళ్లకు ఒకటి, శత్రువు చేతిలో గాయపడ్డవాళ్లకు పరాక్రమ్ పదక్. ఇవేవీ గెజిట్‌లో పేరుపేరునా రావు. గెజిట్‌లో ఉండేది నియమం మాత్రమే. ఫలానా మనిషికి దక్కిందని చెప్పే సాక్ష్యం అతని సర్వీసు కాగితం ఒక్కటే. తప్పిపోయేవి కూడా ఎక్కువగా ఇవే.

ఎలా తప్పిపోతాయి? సైన్యంలో పనిచేసినవాళ్లందరికీ పార్ట్ టూ ఆర్డర్ అనే మాట బాగా తెలుసు. సెలవు, బదిలీ, ఆసుపత్రి, ప్రమోషన్, పెళ్లి, బిడ్డ పుట్టడం... ఏది జరిగినా యూనిట్ ఆఫీసు ఒక పార్ట్ టూ ఆర్డర్ వేయాలి. ఆ ఆర్డరు ఎక్కడో దూరాన ఉన్న రికార్డు ఆఫీసుకు చేరాలి. అక్కడి గుమాస్తా దాన్ని చూసి ఆ సైనికుడి సర్వీసు వివరాలుండే షీట్ రోల్‌లో ఒక వరుస రాయాలి. ఇంటికి పంపేటప్పుడు ఆ షీట్ రోల్ చూసి డిశ్చార్జి బుక్కు నింపుతారు. పతకం దారీ ఇదే. ఆర్డరు పడకపోతే షీట్ రోల్‌లో వరుస ఉండదు. షీట్ రోల్‌లో లేనిది డిశ్చార్జి బుక్కులోకి రాదు.

హైదరాబాద్ బడీచౌడీ వెనక సందులో ఉండే ఒక పెద్దాయన కాగితాలు ఈ మధ్య చూశాను. 1964లో సైన్యంలో చేరాడు. డ్రైవరు. నాన్న పోయి, ఊళ్లో పొలం చూసేవాళ్లు లేక, 1974లో పింఛను రాకముందే వచ్చేశాడు. ఆయన డిశ్చార్జి బుక్కు జేబులో పట్టేంత చిన్నది. సిరా పాలిపోయి గోధుమరంగుకు తిరిగింది. మెడల్స్ అని ఉన్నచోట రెండే పేర్లున్నాయి, సైన్య సేవా మెడల్, రక్షా మెడల్. ఆ తర్వాత ఖాళీ. 1971 డిసెంబరులో ఆయన పంజాబ్ సరిహద్దులో మందుగుండు బండి తోలాడు. లెక్క ప్రకారం పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ రావాలి. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నాడు కాబట్టి పాతికేళ్ల పతకం రావాలి. తొమ్మిదేళ్ల మెడల్ కూడా రావాలి. నాలుగూ లేవు.

కారణం వెతికితే కుట్రేమీ లేదు. యుద్ధం రోజుల్లో ఆయన్ని బండితో సహా వేరే రెజిమెంటుకు అటాచ్ చేశారు. సొంత యూనిట్‌వాళ్లు 'మనవాడు అక్కడున్నాడు కదా, వాళ్లు చూసుకుంటారు' అనుకున్నారు. అక్కడివాళ్లు 'నాలుగు రోజులుండి పోయేవాడు, వాళ్ల యూనిట్ చూసుకుంటుంది' అనుకున్నారు. పైగా యుద్ధం పతకాలు యుద్ధం ముగిశాక ప్రకటిస్తారు. ముద్ర పడి, పేర్లు చెక్కించుకుని సైనికుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. అవి వచ్చేసరికి ఈయన ఊళ్లో నాగలి పట్టుకుని ఉన్నాడు.

ఆయన తన దగ్గరున్న రక్షా మెడల్ తీసి, దాని ముఖం చూపించకుండా అంచు చూపించాడు. అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కి ఉన్నాయి. "మెడల్ కావాల్నంటే కంటోన్మెంటు దుకాణంల దొరుకుతది బిడ్డా. గని దాని అంచు మీద పేరుండదు. నాకు బిళ్ల అక్కెర లేదు. నేను ఆడ ఉన్ననా లేదా, అది కాయితంల రాయాలె" అన్నాడు. నలభై ఏళ్ల కిందటి అప్పు లెక్కలు మరిచిపోయిన ఆ మనిషి, తన ఆర్మీ నంబరు మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

ఆయన విషయంలో ఇంకో చిక్కుంది. ఈ సంగతి చాలామంది సైనిక కుటుంబాలకు తెలియదు. పింఛను లేకుండా వచ్చేసిన సైనికుడి సర్వీసు కాగితాలను ఆర్మీ రెగ్యులేషన్స్ ప్రకారం పాతికేళ్లే దాచి ఉంచుతారు. గడువు తీరాక తీసేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టరులో నంబరు, పేరు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ వంటి నాలుగు ముక్కలు మాత్రం మిగులుతాయి. 1974కు పాతికేళ్లు కలపండి. ఈయన కాగితాల గడువు 1999లోనే తీరిపోయింది. 1971లో ఆయన ఏ సరిహద్దులో ఉన్నాడో లాంగ్ రోల్ చెప్పదు.

అమెరికాలో ఇలాంటి నష్టమే ఇంకో దారిన జరిగింది. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనం అంటుకుంది. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. 1912 నుంచి 1960 దాకా ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ల కాగితాల్లో నూటికి ఎనభై పోయాయి. నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు. అప్పటినుంచీ అక్కడివాళ్లు జీతాల చిట్టాలు, ఆసుపత్రి జాబితాలు, యూనిట్ రోజువారీ నివేదికలు ఏరి తెచ్చి, ఒక్కొక్కరి సర్వీసును మళ్లీ కూర్చుతున్నారు. పతకం తప్పిపోయిందని మాజీ సైనికుడు రాస్తే, ఈ ఆధారాలు చూసి విడుదల పత్రానికి సవరణ పత్రం జతచేస్తారు. అది కుదరకపోతే రికార్డుల సవరణ బోర్డుకు వెళ్లవచ్చు. అక్కడ నిప్పు చేసిన పనిని మన దగ్గర నియమం చేస్తోంది. నిప్పు చెప్పి రాదు. నియమానికి గడువుంటుంది, గడువు తెలిస్తే ముందే మేలుకోవచ్చు. నేను త్వరగా అడగాలన్నది అందుకే.

ఇక మన హైదరాబాద్ చిక్కు ఒకటుంది. ఆ పేరుతో రెండు వేరువేరు సైన్యాలుండేవి. ఇక్కడి సుల్తాన్ బజార్‌కు 1933 దాకా రెసిడెన్సీ బజార్ అని పేరు. కోఠీలో మహిళల కళాశాల నడిచిన భవనంలో అప్పట్లో బ్రిటిష్ రెసిడెంటు ఉండేవాడు. ఆ పదవిలో ఉన్న హెన్రీ రస్సెల్ 1813లో నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద ఒక దళాన్ని తయారుచేయించాడు. జనం దాన్ని రస్సెల్ బ్రిగేడ్ అనేవారు. అది హైదరాబాద్ కంటింజెంట్‌లో కలిసింది. 1903లో కంటింజెంట్ ఇండియన్ ఆర్మీలో కలిసిపోయింది. 1922లో అందులోని పదాతి దళాలకు 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరొచ్చింది. 1945లో దాని పేరు కుమావూ రెజిమెంట్ అని మార్చారు. స్వతంత్ర భారత్‌లో మొదటి పరమ వీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో మొదట చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే.

దీనితో ఏ సంబంధమూ లేకుండా నిజాం సొంత సైన్యం ఇంకొకటుండేది. అందులో 1వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ 1941 డిసెంబరులో మలయాలోని కోట భారు విమానాశ్రయానికి కాపలా కాస్తుండగా జపాన్ సైన్యం అక్కడ దిగింది. 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ కూడా అదే మలయా యుద్ధంలో ఉంది. ఒకే యుద్ధం, ఒకే దేశం, రెండు హైదరాబాదులు. "మా తాత హైదరాబాద్ పటాలంలో మలయా వెళ్లాడు" అని మనవడు దరఖాస్తు రాస్తే, అది ఏ హైదరాబాదో ముందు తేల్చుకోవాలి. రెజిమెంట్ అయితే కాగితం కోసం కుమావూవాళ్ల రాణీఖేత్ వైపు చూడాలి. నిజాం సైన్యమైతే 1948 సెప్టెంబరు తర్వాత ఆ సైన్యమే రద్దయింది. నిజాం ప్రభుత్వ పత్రాలు దాచిన తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. అక్కడ ఉర్దూ, పారసీ చదవగలిగినవాళ్ల సాయం కావాలి.

పేర్ల గొడవ ఇంకొకటి. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఉత్తరాది గుమాస్తాకు అది వెనకుండాలి. కొమురయ్య కొడుకు రాములు ఒక కాగితంలో కె. రాములు, ఇంకో కాగితంలో రాములు కొమురయ్య, ఆధార్‌లో ఇంటిపేరుతో మూడో మనిషి. రికార్డు ఆఫీసులో ముగ్గురూ వేరువేరు. అందుకే ఉత్తరంలో మొదటి వరుసలో పేరుకంటే ముందు ఆర్మీ నంబరు రాయండి. పేరు మారుతుంది, నంబరు మారదు.

రాయాల్సింది ఎవరికి? సైనికుడు ఏ విభాగంలో పనిచేశాడో ఆ విభాగం రికార్డు ఆఫీసుకు. ఇ.ఎం.ఇ., ఆర్డ్‌నెన్స్ వాళ్లవి మన సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందినవాళ్ల కాగితాలు మాత్రం నాసిక్‌లో ఉంటాయి. మన తెలుగువాళ్లు ఎక్కువగా చేరిన మద్రాస్ సాపర్స్ వాళ్లవి బెంగళూరులో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లవి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో. వైమానిక దళం వాళ్లు ఢిల్లీకి, నావికులు ముంబయికి రాయాలి. ఏది ఎక్కడో తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే చెబుతారు, దరఖాస్తు వాళ్ల ద్వారా కూడా పంపవచ్చు.

ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. నంబరు, హోదా, పేరు, యూనిట్, చేరిన తేదీ, విడుదలైన తేదీ రాయండి. ఏ పతకం, ఏ కాలానికి, ఆ కాలంలో ఎక్కడున్నారో రాయండి. డిశ్చార్జి బుక్కు నకలు జతచేయండి. అసలుది పంపకండి. ఆ కాలపు రైల్వే వారంటు, ఆసుపత్రి చీటీ, ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర ఉన్న ఇన్‌ల్యాండ్ ఉత్తరం, యూనిట్ గ్రూప్ ఫోటో... ఏది దొరికినా పనికొస్తుంది. అదే యూనిట్‌లో పనిచేసిన తోటి సైనికుడి ప్రమాణ పత్రం ఉంటే ఇంకా మంచిది. పాత ఉత్తరాలు చెత్త అని అటక దించేటప్పుడు పారేయకండి. ఆరు నెలలైనా జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఇవ్వం అని రాతపూర్వకంగా చెబితే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాలకు చెన్నై బెంచి. తిరస్కరణ వచ్చిన ఆరు నెలల లోపు వెళ్లాలి. రికార్డు సరిచేయాలన్న వాదనను ట్రిబ్యునల్ తేలిగ్గా తీసుకోదు. కార్గిల్ యుద్ధంలో 70వ పదాతి బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవిందర్ సింగ్ యుద్ధ నివేదికలో తనకు అన్యాయం జరిగిందని వెళ్తే, 2010లో ఆయనకు అనుకూలంగా తీర్పు వచ్చింది.

ఇక్కడ రికార్డు ఆఫీసు తరఫు మాట కూడా వినాలి. అడిగిన ప్రతివాడికీ రాసిచ్చుకుంటూ పోతే రికార్డుకు విలువేముంటుంది? ఈ భయం ఊరికే వచ్చింది కాదు. మన హైదరాబాద్ సంగతే చూడండి. స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకం 1972లో మొదలైంది. నిజాం మీద పోరాటంలో సరిహద్దు శిబిరాల్లో పనిచేసినవాళ్లను 1985లో ఆ పథకం కిందికి తెచ్చారు. అసలైనవాళ్లతోపాటు నకిలీ దరఖాస్తులూ వచ్చాయి, విచారణలు జరిగాయి, మంజూరైన పింఛన్లు కొన్ని రద్దయ్యాయి. నకిలీవాళ్ల వల్ల అసలైనవాళ్ల మీద కూడా అనుమానం పడింది.

అయితే రుజువు ఎంత గట్టిగా ఉండాలి? దీనికి సుప్రీంకోర్టు 2001లో గురుదయాల్ సింగ్ కేసులో జవాబిచ్చింది. సమరయోధుల విషయంలో, నేరం కేసులో అడిగినట్టు అనుమానానికి తావులేని రుజువు అడగకూడదు, జరిగి ఉండే అవకాశం ఎటు మొగ్గుతోందో చూడాలి అని. యాభై ఏళ్ల కిందట జైలుకెళ్లినవాడు జైలు కాగితం జాగ్రత్తగా దాచుకుని ఉంటాడని అనుకోవడం అన్యాయమన్నది ఆ తీర్పులో సారం. అది పింఛను కేసు. కానీ పతకాలకూ ఈ కొలత సరిపోతుందని నా అభిప్రాయం. ఒక సైనికుడు 1971 డిసెంబరులో సర్వీసులో ఉన్నాడని లాంగ్ రోల్ చెబుతోంది. పంజాబ్‌లో ఉన్నాడని ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, తోటి సైనికుడి ప్రమాణం చెబుతున్నాయి. కాగితాలు పోవడానికి కారణం ఆఫీసు నియమమే. ఇలాంటప్పుడు కాగితం లేకపోవడం ఆ మనిషి తప్పుగా లెక్కగట్టకూడదు.

రికార్డులో లేకపోతే మనిషి ఏమవుతాడో హైదరాబాద్‌కు ఇంకో ఉదాహరణ తెలుసు. 'జై హింద్' నినాదాన్ని ఆజాద్ హింద్ ఫౌజ్‌కు అందించిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన ఊరివాడే. ఆయనలాగే నేతాజీ వెంట నడిచిన వేలమంది సైనికులను యుద్ధమయ్యాక బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ తొలగించింది. స్వతంత్ర భారత సైన్యం కూడా వాళ్లను తిరిగి తీసుకోలేదు. దేశం వాళ్లను పొగిడింది, పాటలు కట్టింది. కానీ సర్వీసు కాగితంలో వాళ్లు తొలగింపబడినవాళ్లే. 1972 పింఛను పథకంలో వాళ్లకు చోటిచ్చేదాకా ఎందరో పోయారు. ప్రపంచమంతటా ఇదే జాప్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయినవాళ్లలో కనీసం 1,16,000 మందికి, బహుశా మూడున్నర లక్షలమందికి, పేరుతో స్మారకం లేదని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో ఒప్పుకుంది. వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టువాళ్లు. ఆ మాట చెప్పడానికి వందేళ్లు పట్టింది.

మన పెద్దాయనల దగ్గర వందేళ్లు లేవు. అందుకని రికార్డు ఆఫీసులకు రెండు మనవులు. సైనికుడు ఇంటికి వెళ్లే ముందు అతని సర్వీసు తేదీలను పతకాల నియమాలతో పోల్చి, 'నీకు ఇవి వచ్చాయి, ఇవి రావాల్సి ఉంది' అని ఒక కాగితం చేతిలో పెట్టండి. కంప్యూటర్లున్న ఈ రోజుల్లో అదేమంత పని కాదు. పాత కాగితాలు తీసేసే ముందు ఆ పోలిక ఒక్కసారి చేయండి. అడగాల్సిన భారమంతా ఎనభై ఏళ్ల మనిషి మీద వేయకండి.

పిల్లలకు ఒక మనవి. మీ నాన్నో తాతో సైన్యంలో పనిచేసి ఉంటే, డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పక్కన కూర్చుని ఏ సంవత్సరంలో ఎక్కడున్నారో అడిగి రాసుకోండి. ఇప్పుడు చెప్పిన తేదీలతో సరిచూడండి. తేడా కనిపిస్తే ఉత్తరం మీరే రాసి, ఆయనతో సంతకం పెట్టించి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు డిశ్చార్జి బుక్కులోనే పెట్టండి. బడీచౌడీ పెద్దాయన దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు. ఆయన రసీదు ఆ పుస్తకంలోనే ఉంది, రెండో ఉత్తరానికి తేదీ కూడా రాసిపెట్టుకున్నాడు.